రియల్ టైమ్ స్ట్రాటజీ ఆటల్లో నేడు ఏది మేలు: స్టార్‌క్రాఫ్ట్ 2, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, లేక కొత్తగా వచ్చినవా?

రియల్ టైమ్ స్ట్రాటజీ ఆటల (వంతులు లేకుండా, ఇరుపక్షాలూ ఏకకాలంలో వనరులు పోగుచేసి, స్థావరం కట్టి, సైన్యాన్ని నడిపే కంప్యూటర్ ఆటల) కాలం చెల్లిందన్న మాట చాలా ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. 1992లో వెస్ట్‌వుడ్ స్టూడియోస్ తెచ్చిన డ్యూన్ 2తో ఈ తరహా ఆటకు ఒక రూపం ఏర్పడింది. ఆ తరువాతి పదేళ్లలో వార్‌క్రాఫ్ట్, కమాండ్ అండ్ కాంకర్, టోటల్ యానిహిలేషన్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, స్టార్‌క్రాఫ్ట్ ఒకదాని వెంట ఒకటి వచ్చి, కంప్యూటర్ ఆట అనగానే ముందుగా గుర్తుకొచ్చేవి ఇవే అన్నంతగా పాతుకుపోయాయి. ఈనాడు ఆ స్థానం వీటిది కాదు. అయినా ఒక తరహా ఆట బతికి ఉందో లేదో ఏటా ఎన్ని కొత్త ఆటలు విడుదలవుతున్నాయన్న లెక్కతో తేల్చడం సరికాదని నా అభిప్రాయం. ఏ వేళ కూర్చున్నా మన స్థాయికి తగిన ప్రత్యర్థి కాసేపట్లో దొరుకుతున్నాడా, ఆటలో లోపం బయటపడితే సరిదిద్దేవారు ఉన్నారా అన్నవే అసలు ప్రశ్నలు. ఏది మేలో తూచడానికి కూడా నేను ఈ రెండింటినే తూకపు రాళ్లుగా పెట్టుకున్నాను.

ఈ ఆటలను వెనక్కి నెట్టిన శక్తి వీటి కడుపులోంచే పుట్టిందన్నది ముందుగా చెప్పుకోవాలి. 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3లో ఆటగాళ్లు సొంతంగా మ్యాపులు తయారుచేసుకునే సాధనం ఉండేది. దానితో చేసిన డోటా అనే మ్యాపులో ఊరు కట్టనక్కర్లేదు, వనరులు పోగుచేయనక్కర్లేదు. ఒక్క వీరుణ్ని నడిపిస్తూ నలుగురు సహచరులతో కలిసి పోరాడితే చాలు. పది పనులు ఒక్కడే చూసుకుని, ఓడితే ఆ ఓటమిని కూడా ఒక్కడే మోయవలసిన ఆటతో పోల్చుకున్నప్పుడు ఇది ఎంతో సులువుగా తోచింది. 2009లో లీగ్ ఆఫ్ లెజెండ్స్, 2013లో డోటా 2 వచ్చేసరికి పెద్ద జనమంతా అటు మళ్లింది. స్ట్రాటజీ ఆటలకు మిగిలింది, ఆ పది పనుల భారాన్నే ఇష్టపడే జనం. వారి సంఖ్య తక్కువే కాని, వారు ఒకసారి పట్టుకున్న ఆటను అంత తొందరగా వదలరు.

అటువంటివారు ఎక్కువగా పట్టుకుని ఉన్న రెండు ఆటలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

స్టార్‌క్రాఫ్ట్ 2 విడుదలైంది 2010 జూలైలో. మొదటి 48 గంటల్లోనే 15 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయినట్లు దాన్ని తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థ అప్పట్లో ప్రకటించింది. 2013, 2015 సంవత్సరాల్లో రెండు ఎక్స్‌పాన్షన్లు (అదనపు భాగాలు) వచ్చాయి, 2017 నవంబరులో ఇతర ఆటగాళ్లతో తలపడే మల్టీప్లేయర్‌తో పాటు మొదటి క్యాంపెయిన్ (ఒంటరిగా ఆడే కథ) ఉచితమయ్యాయి. ఇందులో టెరాన్, జెర్గ్, ప్రోటాస్ అనే మూడు జాతులు ఉన్నాయి. మూడింటి తీరు ఒకదానితో ఒకటి ఏ మాత్రం పోలదు. ఇంత భిన్నమైన మూడు పక్షాలను ఒకే త్రాసులో నిలబెట్టడం ఈ రంగంలో జరిగిన గొప్ప పనుల్లో ఒకటని నేను నమ్ముతాను. యూనిట్‌కు (సైనికుడు, వాహనం వంటిదానికి) ఆజ్ఞ ఇచ్చిన క్షణమే అది కదులుతుంది, చేతికీ తెరకూ మధ్య ఎడమన్నదే తెలియదు. ఈ విషయంలో దీనికి సాటి వచ్చే ఆట నేటికీ లేదు.

అయితే ఆ వేగమే కొత్తవారికి గోడగా నిలుస్తుంది. టెరాన్ సైనికులు ముప్పై మంది గుంపుగా ముందుకు సాగుతున్నారనుకుందాం. జెర్గ్ పక్షం నుంచి పచ్చటి బంతుల్లాంటి బేన్‌లింగులు దొర్లుకుంటూ వస్తాయి. తగిలిన చోట పగిలి, చుట్టూ ఉన్నవారందరినీ ఆమ్లంలో ముంచేస్తాయి. అవి కంటపడ్డాక గుంపును మూడు నాలుగు పాయలుగా చీల్చి తలో దిక్కుకు పరుగెత్తించడానికి ఉండే వ్యవధి రెండు మూడు సెకన్లు మాత్రమే. ఆ రెండు సెకన్లలో చూపు సొంత స్థావరం మీద ఉన్నదంటే, తిరిగి చూసేసరికి సైన్యం ఉండదు. పది నిమిషాలు జాగ్రత్తగా నడిపిన ఆట అంతటితో ముగుస్తుంది. పోటీల్లో ఆడేవారు నిమిషానికి మూడు వందలకు మించి చర్యలు చేసేది ఊరికే కాదు. ఆట కోరేదే అది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 దీనికంటే పదకొండేళ్లు పెద్దది. 1999లో ఎన్సెంబుల్ స్టూడియోస్ 13 నాగరికతలతో దీన్ని తెచ్చింది. ఆ స్టూడియో 2009లో మూతపడినా ఆట ఆగలేదు: అభిమానులు మ్యాపులు, మార్పులు చేసుకుంటూ దాన్ని నిలబెట్టారు, 2013లో హెచ్‌డీ రూపం వచ్చింది, 2019 నవంబరులో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది. 2025 నాటికి నాగరికతల సంఖ్య 50కి చేరింది. పాతికేళ్లు దాటిన ఆటకు ఈనాటికీ కొత్త క్యాంపెయిన్లు, కొత్త నాగరికతలు, ప్యాచ్‌లు (సవరణలు) వస్తూనే ఉన్నాయన్నది, ఈ తరహా చచ్చిపోయిందనేవారు తప్పక లెక్కలోకి తీసుకోవలసిన సంగతి.

ఇక్కడ ఆట నెమ్మదిగా మొదలవుతుంది. ఒక టౌన్ సెంటర్ (ఊరి ప్రధాన కట్టడం), ముగ్గురు విలేజర్లు (పనివారు), దారులు వెతికే ఒక గుర్రపు రౌతు (స్కౌట్). విలేజర్‌కు 50 ఆహారం ఖర్చు, 25 సెకన్ల సమయం; టౌన్ సెంటర్‌ను ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉంచకూడదన్నది మొదటి పాఠం. గొర్రెల మాంసం అయిపోయేలోగా అడవి పంది కావాలి, దాన్ని తీసుకురావడమే కొత్తవారికి తొలి పరీక్ష. ఒక విలేజర్ వెళ్లి బాణంతో కొడతాడు, కోపంతో అది వెంటపడుతుంది, అతడు టౌన్ సెంటర్ వైపు పరుగు తీస్తాడు, అక్కడ గొర్రె దగ్గర ఉన్న మిగతావారంతా ఒక్కసారిగా దాని మీద పడాలి. నేను నేర్చుకునే రోజుల్లో ఇక్కడ చాలాసార్లు ఆ విలేజర్‌ను పోగొట్టుకున్నాను. కాని ఒక్క మనిషి పోయినంత మాత్రాన ఆట పోలేదు, అరగంట తరువాత గెలిచిన మ్యాచ్‌లు కూడా ఉన్నాయి. తప్పుకు శిక్ష ఉంది, ఆ శిక్ష తప్పుకు తగినంతే ఉంది. కొత్తవారి దృష్టితో చూస్తే రెండు ఆటల మధ్య అన్నింటికన్నా ముఖ్యమైన తేడా ఇదేనని నాకు అనిపిస్తుంది.

తరువాతి దశ కూడా ఇలాగే తర్కంతో సాగుతుంది. గుర్రాల దండుకు బల్లెం పట్టిన సైనికులు విరుగుడు, వారికి విలుకాళ్లు, విలుకాళ్లకు ఈటెలు విసిరే స్కిర్మిషర్లు విరుగుడు. ఆటలో రెండవ యుగమైన ఫ్యూడల్ ఏజ్‌కు 500 ఆహారం చాలు, మూడవదైన క్యాజిల్ ఏజ్‌కు 800 ఆహారంతో పాటు 200 బంగారం కావాలి. ప్రత్యర్థి బంగారపు గని చుట్టూ ఎంతమందిని పెట్టాడో స్కౌట్ కంటితో చూస్తే అతని ఆలోచన సగం తెలిసిపోతుంది. ఇక్కడ గెలిపించేది వేళ్ల వేగం కన్నా ముందుచూపు. పై స్థాయిలో వేగం కూడా కావాలి, కాదనను. కాని మధ్య స్థాయి వరకు ఆలోచన ఒక్కటే చేయి పట్టుకుని తీసుకెళ్తుంది. డెఫినిటివ్ ఎడిషన్‌లోని ఆర్ట్ ఆఫ్ వార్ అనే శిక్షణ పాఠాలు ఈ లెక్కలన్నీ ఒక్కొక్కటిగా నేర్పుతాయి. పొలాలు ఖాళీ అయినప్పుడల్లా తిరిగి విత్తే పనిని ఆటే చూసుకునే వీలు కూడా పెట్టారు.

ఒంటరిగా, క్యాంపెయిన్ కోసమే ఆడేవారి సంగతి వేరు. వారికి స్టార్‌క్రాఫ్ట్ 2 మేలు. దాని మిషన్లలో ఒకదానిలో లావా పొంగుతుంది, ఇంకొకదానిలో రాత్రయితే శత్రువులు మీద పడతారు. ప్రతి మిషన్‌కూ తనదైన నియమం ఉంటుంది. ఇద్దరు స్నేహితులు కలిసి కంప్యూటర్ ప్రత్యర్థి మీద ఆడుకునే కో-ఆప్ విభాగంలో 18 మంది కమాండర్లు ఉన్నారు. పోటీ ఒత్తిడి వద్దు, ఆట మాత్రం కావాలి అనేవారికి ఇంత సరిపడేది మరొకటి కనబడదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 క్యాంపెయిన్లు లెక్కకు చాలా ఎక్కువే కాని, వాటిలో కొన్ని ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

ఇక సంరక్షణ విషయం. 2020 అక్టోబరులో బ్లిజార్డ్, స్టార్‌క్రాఫ్ట్ 2కు ఇకపై కొత్తగా అమ్మే సరుకు ఏదీ తయారుచేయబోమని చెప్పింది. ఆ తరువాత కూడా జాతుల బలాలను సమం చేసే బ్యాలెన్స్ ప్యాచ్‌లు వచ్చాయి, వాటి రూపకల్పనలో ఆటగాళ్ల పాత్ర పెరిగింది. పోటీలు కూడా ఆగలేదు: 2024లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో ఈ ఆట ఉంది, ఫ్రాన్స్‌కు చెందిన క్లెమ్ గెలిచాడు. కాబట్టి ఇది ప్రాణం పోయిన ఆట కాదు, కాని పెరగడం ఆగిన ఆట. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఇంకా పెరుగుతోంది. కొత్తగా వందల గంటలు పెట్టదలచినవారు ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు.

మరి కొత్త ఆటల మాటేమిటి? ఇక్కడ నాకు నిజంగా బాధ కలిగించే ఉదాహరణ స్టార్మ్‌గేట్. బ్లిజార్డ్‌లో పనిచేసినవారు 2020లో స్థాపించిన ఫ్రాస్ట్ జెయింట్ స్టూడియోస్ దీన్ని తయారుచేసింది. జనం నుంచి ముందస్తుగా నిధులు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో అభిమానులు 20 లక్షల డాలర్లకు మించి ఇచ్చారు. 2024లో ఎర్లీ యాక్సెస్‌లోకి (పూర్తికాకముందే ఆడనిచ్చే దశలోకి) వచ్చాక జనం నిలవలేదు. క్యాంపెయిన్, కో-ఆప్, ఒకరితో ఒకరు తలపడే పోటీ, మ్యాపులు తయారుచేసే సాధనం, ఇన్నింటినీ ఒకేసారి ఎత్తుకోవడంతో ఏదీ పండకముందే చూపించవలసి వచ్చిందని నా అంచనా. పాత ఆటలు పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు సానబట్టిన నునుపుతో ఎదురుగా నిలిచి ఉన్నప్పుడు, సగం చెక్కిన ఆటకు ఎవరు సమయం ఇస్తారు? కొత్త స్ట్రాటజీ ఆటకు అసలు పోటీ తోటి కొత్త ఆటలతో కాదు, పాతవాటితోనే. 2025 ఏప్రిల్‌లో వచ్చిన టెంపెస్ట్ రైజింగ్ తన పరిధిని చిన్నదిగా ఉంచుకుని, పాత కమాండ్ అండ్ కాంకర్ రుచిని శ్రద్ధగా అందించింది. కథను ఆడి ముగించి తృప్తిపడేవారికి అది చక్కని ఎంపిక.

స్టార్‌క్రాఫ్ట్ 2, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ల దారి నచ్చనివారికి వేరే దారులు ఉన్నాయి. విలేజర్లూ కట్టెలూ విసుగనిపిస్తే కంపెనీ ఆఫ్ హీరోస్ చూడాలి. అందులో వనరులు భూభాగాన్ని పట్టుకుంటే వస్తాయి. గోడ చాటున ఉన్న దళానికీ రోడ్డు మధ్య నిలిచిన దళానికీ చావు బతుకుల తేడా ఉంటుంది. మెషిన్ గన్ ఎదుటకు వెళ్లినవారు నేలకు అతుక్కుపోతారు. సైన్యం తక్కువ కాబట్టి ఒక్కొక్క దళం మీద మమకారం పెరుగుతుంది. 2023లో వచ్చిన మూడవ భాగం విడుదల నాటికి పచ్చిగా ఉన్నా, తరువాతి ప్యాచ్‌లతో గట్టిపడింది.

బియాండ్ ఆల్ రీజన్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అది ఎవరి వ్యాపారమూ కాదు. టోటల్ యానిహిలేషన్ వారసత్వంలో, ఓపెన్ సోర్స్ పద్ధతిలో (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచి), ఇష్టంతో పనిచేసేవారు నిర్మిస్తున్న ఉచిత ఆట అది. ఎనిమిది మందికి ఎనిమిది మంది తలపడే మ్యాచ్‌లు అక్కడ మామూలే. మౌస్ కుడి మీట నొక్కి పట్టుకుని నేల మీద గీత గీస్తే, ఆ గీత వెంబడి ట్యాంకులన్నీ వరుసగా పరుచుకుంటాయి; పెద్ద సంస్థల ఆటల్లో ఈ చిన్న సదుపాయం ఇంకా ఎందుకు లేదా అని అది వాడిన ప్రతిసారీ అనిపిస్తుంది. పొగ కక్కుతూ వెళ్లే ప్రతి గుండుకూ లెక్కించిన దారి ఉంటుంది, మధ్యలో కొండ అడ్డువస్తే గుండు కొండకే తగులుతుంది. ఓడినా భారం ఎనిమిది మంది మీద పడుతుంది కాబట్టి ఒంటరి పోటీకి జంకేవారికి ఇది మంచి ప్రవేశం. అయితే అనుభవజ్ఞుల మధ్య కొత్తవాడు మ్యాచ్‌ను పాడుచేస్తాడన్న అసహనం అప్పుడప్పుడు కనబడుతుంది, ముందుగా కంప్యూటర్ ప్రత్యర్థుల మీద పదిసార్లు ఆడి వెళ్లడం మంచిది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 4 ఈ అన్నింటికీ నడిమి దారి. 2021లో ఎనిమిది నాగరికతలతో మొదలైంది. సంఖ్య తక్కువైనా తేడాలు లోతుగా ఉంటాయి. మంగోలులు తమ కట్టడాలను మూటగట్టుకుని వేరే చోటికి తరలిపోగలరు, ఢిల్లీ సుల్తానులకు పరిశోధనలు ఉచితమే కాని నెమ్మదిగా సాగుతాయి. చూడటానికి తేటగా ఉంటుంది, నేర్చుకోవడం సులువు.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే, ప్రత్యర్థులతో ఆడదలచి నేడు కొత్తగా మొదలుపెట్టేవారికి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 మేలంటాను. వేళ్ల నైపుణ్యాన్ని సంగీత సాధనలా రోజూ గంటసేపు సానబట్టడంలో ఆనందం పొందేవారు, డబ్బు పెట్టకుండా మొదలుపెట్టదలచినవారు స్టార్‌క్రాఫ్ట్ 2 వైపు వెళ్లాలి. వారికి దానికి బదులుగా వేరొకటి చూపించలేను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఎంచుకున్నవారు మొదటి వారం ర్యాంకింగ్ మ్యాచ్‌ల జోలికి పోకుండా ఒక్క నాగరికతనే పట్టుకుని, టౌన్ సెంటర్ ఖాళీ పడకుండా ఫ్యూడల్ ఏజ్ చేరడం మాత్రమే సాధన చేయాలి. విలేజర్ ప్రాణం పోకుండా వరుసగా మూడు ఆటల్లో పందిని ఇంటికి తెచ్చిన రోజున ర్యాంకింగ్ మీట నొక్కవచ్చు. మొదటి కొన్ని మ్యాచ్‌లు ఓడిపోతారు, ఆ ఓటములతోనే లెక్క కుదిరి, మీ స్థాయి మనిషి ఎదురుపడతాడు.