ఎనిమిది అంతస్తుల ఇంపాక్టర్: ఆరేళ్ల వాడకం తరువాత

చెన్నై శివార్లలోని మా విషశాస్త్ర ప్రయోగశాలలో ఆరేళ్లుగా వాడుతున్న క్యాస్కేడ్ ఇంపాక్టర్‌ను, రెండో ఏడాదిలో ఎవరు అడిగినా సందేహించకుండా కొనమని చెప్పేవాడిని. గాలిని రంధ్రాల గుండా లాగి, అందులోని ధూళిని పరిమాణాన్ని బట్టి ఒక్కో అంతస్తులోని ప్లేటు మీద వేరుగా పట్టే పరికరం ఇది; పట్టిన ధూళిని తూచి అది ఎంత సన్ననిదో లెక్కిస్తాం. దాని ప్లేట్ల విషయంలో ఆ మాటను ఇప్పుడు సవరించుకుంటున్నాను.

ఎలుకలు పీల్చే ధూళి ఎంఎంఏడీ (మొత్తం ధూళి బరువులో సగం ఏ పరిమాణం కంటే సన్ననిదో ఆ కొలత) 4 మైక్రోమీటర్లు మించకపోవడం మంచిదని, పీల్చినప్పటి విషప్రభావ పరీక్షల కోసం ఓఈసీడీ దేశాల కూటమి 2009లో సవరించిన 403 మార్గదర్శకం సిఫారసు చేస్తుంది. జంతువులను తెప్పించకముందు జరిపే సన్నాహక పరీక్షల్లో, ఒక పురుగుమందు పొడికి ఆ కొలత మూడు వారాల పాటు 2.6కు అటూ ఇటూగా వచ్చింది. నెల్లూరు నుంచి వచ్చిన మా జూనియర్ ఒక సాయంత్రం ఇంపాక్టర్ అట్టడుగున ఉండే ఫిల్టరును మైక్రోస్కోపు కింద పెట్టి, "సార్, ఇక్కడ ఇంత పెద్ద రేణువులు ఎందుకున్నాయి?" అని అడిగింది. సుమారు 0.4 మైక్రోమీటర్ల కంటే సన్ననివి మాత్రమే చేరవలసిన చోట ఐదారు మైక్రోమీటర్ల పలుకులు కనిపించాయి. పై ప్లేట్లు విప్పి చూస్తే, ప్రతి రంధ్రం కిందా చిన్న ధూళి కుప్ప, దాని చుట్టూ పలుచని వలయం. నున్నని స్టీలు మీద పడిన పలుకులు అతుక్కోకుండా ఎగిరి, గాలితో పాటు కింది అంతస్తులకు పోయాయన్నమాట. ఎలుకలను ఉంచే పరీక్ష చాంబరుకు వెళ్లేది ఎండబెట్టిన గాలి కాబట్టి, బయటి ఉక్కపోతలోని తేమ కూడా వాటిని పట్టి ఉంచలేదు.

ప్లేట్లకు సిలికోన్ గ్రీజు పలుచగా పూసి కొలిస్తే 4.3 వచ్చింది. ముతక ధూళిని సన్ననిదని నమ్మి పరీక్షకు దిగి ఉంటే, మందు ఊపిరితిత్తుల లోతుకు సరిగా చేరక, దాని విషం ఉన్నదానికంటే తక్కువగా కనిపించేది. అన్ని ఎలుకల ప్రాణాలూ వృథా అయ్యేవి. ఇంత ముఖ్యమైన పూత గురించి తయారీదారు పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం, అదీ చివరి పుటలో ఉండటాన్ని నేను ఇప్పటికీ క్షమించలేను.

గ్రీజు పూసిన తరువాత ప్లేట్ల మీద నాకు నమ్మకం కుదిరింది, కానీ పని రెట్టింపయింది. అక్టోబరు వానలు మొదలైతే ఫిల్టర్లు తేమ పీల్చి, త్రాసు మీదే బరువు మారుతుంటాయి కనుక వాటిని ముందురోజే తేమ లేకుండా ఉంచే పెట్టె అయిన డెసికేటర్‌లో ఉంచుతాం. కింది అంతస్తుల్లోని 0.25 మిల్లీమీటర్ల రంధ్రాలు పూడుకుపోకుండా అల్ట్రాసోనిక్ తొట్టిలో కడగడం మరో పని.

మాకు రోజుకు రెండు మూడు నమూనాలే, తూకం వేసే అమ్మాయికి ఓపిక ఎక్కువ. అందుకే ఇంకొకటి కొనవలసి వస్తే బహుశా ఇదే కొంటాను. రోజుకు పది నమూనాలు చూడవలసిన చోట మాత్రం ఇదే మాట చెప్పలేను.