దున్నని మొక్కజొన్న: కింద ఒకలా, కొండ మీద ఇంకోలా

గింజ మోతాదు, చాళ్ల ఎడం, మందులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా గొడవంతా చేనులో పరిచే వరిగడ్డితోనే.

విశాఖ దగ్గర పద్మనాభం వైపు మా పొలంలో కొన్నేళ్లుగా వరి కోశాక దున్నకుండా, కొయ్యకాళ్ల మధ్యే మొక్కజొన్న గుచ్చుతున్నాం. ట్రాక్టర్ దొరుకుతుందా అన్న టెన్షన్ లేదు. పదును ఆరకముందే విత్తనం పడుతుంది. పైన పరిచిన గడ్డి నేలని ఎండకి కాస్తుంది. ఆ ధీమాతోనే కొండ మీద చింతపల్లి దగ్గర మా బావా నేనూ కలిసి చేసే చేనులోనూ ఇదే పెట్టాం.

అక్కడ డిసెంబరంటే లంబసింగి చలి. కింద వారంలో మొలిచే విత్తనం అక్కడ ఎంతకీ పైకి రాలేదు. తవ్వి చూస్తే గింజ ఉబ్బి ఉంది, కుళ్లలేదు, అలాగని కదలడమూ లేదు. ఆలస్యంగా వచ్చిన మొలకలకి ఆకుల అంచులు ఊదారంగు. భాస్వరం లోపమని దుకాణంలో ఇంకో బస్తా డీఏపీ అంటగట్టారు. అది వేసినా రంగు మారలేదు. చల్లటి మట్టిలో వేరు సాగకపోతే ఉన్న భాస్వరమైనా ఎలా అందుతుంది?

అసలు సంగతి గట్టు పక్కన బయటపడింది. ఆవులు పడి గడ్డి మేసేసిన మేర మొక్కలు పచ్చగా, ఓ ఆకు ముందే ఉన్నాయి. నేల 10 డిగ్రీల కన్నా చల్లబడితే మొక్కజొన్న గింజ దాదాపు కదలదు, ఆ పైన కూడా వెచ్చదనాన్ని బట్టే వేగం. గడ్డేమో ఎండని మట్టికి తగలనివ్వదు, తడిని ఆరనివ్వదు. అమెరికాలో మినసోటా, కెనడాలో అంటారియో రైతులకి ఇది పాత తలనొప్పే. అందుకే అక్కడ చాలామంది చేనంతా దున్నకుండా, విత్తనం పడే సన్నటి పట్టీలో మాత్రం గడ్డి తీసి మట్టి కదుపుతారు. తర్వాతి పంట నుంచి మేమూ చాలులో గడ్డిని పక్కకి లాగేస్తున్నాం. మొలక ఇప్పుడు దున్నిన చేనుకి పెద్దగా తీసిపోవడం లేదు.

దిగుబడి అంటారా, ఆ చలి ఏడాది కంకులు మరీ చిన్నవేం కాదు. ఆ దేశాల్లో ఆలస్యమైన పంట మంచుకి చిక్కుతుంది. మాకు ఆ భయం లేదు గానీ, ఆలస్యం వల్ల మొక్క జల్లు (తల మీది పూత) వేసే వేళకి గెడ్డలో (కొండవాగులో) నీళ్లు తగ్గాయి. చివరి మళ్లలో కంకి కొసదాకా గింజ కట్టలేదు.

ఖర్చు బాగా తగ్గుతుందని మొదట్లో ఊరంతా చెప్పాను. దుక్కి డబ్బులు మిగిలిన మాట నిజమే, కానీ కలుపు మందుకి కొంత పోతుంది, కొండ మీదయితే గడ్డి లాగడానికి మనుషులు కావాలి. బావ ఇంట్లో చేతులున్నాయి కాబట్టి గిట్టింది. కూలీ పెట్టి చేయించేవాళ్లు కొండ మీద ముందు ఓ మడిలో చూసుకుంటే మంచిది. పద్మనాభంలో మాత్రం దుక్కి ఊసు నేను ఎత్తను.