జీక్యాంప్6ఎస్: చిన్న ఊరి ల్యాబుకు పనికొస్తుందా?

జీక్యాంప్6ఎస్ అంటే కాల్షియం తగిలితే పచ్చటి వెలుగు పెంచే ప్రోటీన్ సెన్సర్. ముందుగా తీర్పు. బతికున్న కణంలో కాల్షియం ఎప్పుడు పెరిగింది, ఎక్కడ పెరిగింది అన్నది కళ్లతో చూడాలంటే జీక్యాంప్6ఎస్ తెప్పించుకోండి. ఎంత ఉందో అంకెల్లో కావాలంటే మాత్రం దీని జోలికి పోకండి. ఇక వివరాలు.

మాది శ్రీకాకుళంలో చిన్న ల్యాబు. ఇంతకుముందు కాల్షియాన్ని చూపించే ఫ్యూరా-2 లాంటి రంగు రసాయనాలతో పని నడిపాం. మంచి సరుకే. కానీ దాన్ని ఫ్రీజర్లో దాచాలి, తేమ తగలనివ్వకూడదు, అయిపోయిన ప్రతిసారీ మళ్లీ కొనాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు రోజుల తరబడి కరెంటు లేక అల్లాడిన జిల్లా మాది. ఇక్కడ ఫ్రీజర్‌ను నమ్ముకుని పరిశోధన చేయడమంటే ఎప్పుడూ గుండె గుప్పిట్లో పెట్టుకోవడమే. పైగా కణంలోకి ఎక్కించిన రంగును కాసేపటికి ఆ కణమే బయటికి నెట్టేస్తుంది.

జీక్యాంప్‌తో ఆ బెడద లేదు. మనకు వచ్చేది ప్రోటీన్ కాదు, దాన్ని తయారుచేసే జన్యువున్న ప్లాస్మిడ్, అంటే చిన్న గుండ్రటి డీఎన్ఏ. అమెరికాలోని ఆడ్‌జీన్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని పరిశోధన సంస్థలకు పంపుతుంది. జాబితాలో దీని సంఖ్య 40753. చిన్న గొట్టంలో, అగర్ అనే జెల్లీలో గుచ్చిన, ఆ ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియాగా వస్తుంది. మాకు మండు వేసవిలో వచ్చింది. ఒక కొరియర్ సంస్థ పుణ్యమా అని విశాఖ గోదాములో మగ్గి మరీ వచ్చింది. అయినా యాంటిబయాటిక్ కలిపిన పళ్లెం మీద గీస్తే మర్నాటికల్లా కాలనీలు లేచాయి. పెరుగు తోడు లాంటిదన్నమాట: ఒక్కసారి ఇంటికి తెచ్చుకుంటే మళ్లీ ఎవరి గడపా తొక్కక్కర్లేదు. కాగితాల పని మాత్రం ఉంది. పదార్థ బదిలీ ఒప్పందం మీద సంస్థ తరఫున సంతకం కావాలి, జీవభద్రతా కమిటీ అనుమతీ కావాలి. కమిటీయే లేని కాలేజీలు ముందు దాని సంగతి చూసుకోవాలి.

పనిచేసే తీరు ముచ్చటైనది. 1962లో ఒసాము షిమోమురా బృందం ఈక్వోరియా అనే జెల్లీచేప నుంచి ఈక్వోరిన్‌ను వేరుచేసింది. కాల్షియం తగిలితే వెలిగే ప్రోటీన్ అది. దాని పక్కనే కనబడినది పచ్చగా మెరిసే మరో ప్రోటీన్, జీఎఫ్‌పీ. 2001లో జునిచి నకాయ్ బృందం ఆ జీఎఫ్‌పీని మధ్యలో తెంపి, పాత కొనలను కలిపేసి, కొత్త కొనల్లో ఒకవైపు కాల్షియాన్ని పట్టుకునే కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్, మరోవైపు ఎం13 అనే చిన్న ప్రోటీన్ ముక్క (పెప్టైడ్) అతికించింది. కాల్షియం రాగానే కాల్మోడ్యులిన్ వెళ్లి ఎం13ను చుట్టేస్తుంది. దాంతో జీఎఫ్‌పీ ఆకారం సర్దుకుని వెలుగు పెరుగుతుంది. 2013లో అమెరికాలోని జనీలియా పరిశోధకులు దీన్ని సానబట్టి 6వ తరం తెచ్చారు. కణం బయటితో పోలిస్తే లోపల స్వేచ్ఛగా తిరిగే కాల్షియం సుమారు పదివేల వంతుల్లో ఒక వంతే, అంటే 100 నానోమోలార్ దగ్గర. అంత తక్కువలో వచ్చే మార్పును పట్టాలి కాబట్టే ఇంత హంగామా.

ప్లాస్మిడ్ ఎక్కించిన హెక్293 కణాలను (మానవ పిండపు మూత్రపిండం నుంచి తీసి ల్యాబుల్లో పెంచుతున్న కణాలు) రెండో రోజు మైక్రోస్కోపు కింద పెట్టాం. మొదట చూస్తే అంతా మసక పచ్చ, లోపల కేంద్రకం నల్లటి మచ్చ. పళ్లెం అంచున, కణాల్లో కాల్షియం పెరిగేలా చేసే ఏటీపీ అనే రసాయనపు ద్రావణం ఒక చుక్క వేశాం. చుక్క పడిన వైపు కణం ఒకటి గుప్పున వెలిగింది, దాని పక్కది, ఆ పక్కది. వెలుగు అలా ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకి మెల్లగా తగ్గింది. కొన్ని కణాలు ఆగి ఆగి మళ్లీ మిణుకుమన్నాయి. ఉద్దానం నుంచి వచ్చే మా విద్యార్థిని "మేడం, రికార్డు అవుతోందా?" అని అడిగింది కానీ కంటిని మాత్రం మైక్రోస్కోపు నుంచి తీయలేదు.

ఆ అమ్మాయి ఊళ్లో ఇంటికొకరు కిడ్నీ రోగి అన్నట్టుంటుంది పరిస్థితి. అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి. హెక్ అన్న పేరులో మూత్రపిండం ఉంది కదా అని ఈ కణాల్లో చూసింది ఉద్దానం జబ్బుకు అంటగట్టకండి. వాటి స్వభావం మూత్రపిండ కణాలకు చాలా దూరం. సెన్సర్ పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి అవి చాలు, అంతే.

లోపాల్లో పెద్దది మొదట్లో అన్నదే. ఒక్క రంగు కాంతే కనుక, ఈ కణం ఎక్కువ వెలిగితే అందులో కాల్షియం ఎక్కువో, సెన్సరే ఎక్కువ తయారైందో చెప్పలేం. లెక్క కావాలంటే రెండు కాంతుల నిష్పత్తి చూసే ఫ్యూరా-2కే మళ్లీ నమస్కారం పెట్టాలి. ఆమ్లత మారినా వెలుగు మారుతుంది; మందులు పోసి చూసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కేంద్రకం కూడా పచ్చగా నిండిపోయిన కణాలను లెక్కలోంచి తీసేయండి, అవి సెన్సర్ బరువుకు చతికిలబడినవి.

ఇదే తరంలో వేగం కావాలంటే 6ఎఫ్ ఉంది. 2023లో వచ్చిన 8వ తరం సుమారు 2 మిల్లీసెకన్లలోనే సగం వెలుగుకు చేరుతుంది. నాడీకణాల మీద పనిచేసేవాళ్లకు అది వరం. మాలాగా నిదానంగా పాకే అలలు చూసేవాళ్లకు 6ఎస్ చాలు. మైక్రోస్కోపుకు జీఎఫ్‌పీ కోసం వాడే మామూలు ఫిల్టర్ సరిపోతుంది. దీనికోసమే ప్రత్యేకంగా ఇంకొకటి కొనాలని ఎవరైనా అమ్మజూపితే టీ ఇచ్చి పంపించేయండి.