‘కుటుంబ వినోదం’ అన్న పోస్టరు చూసి టికెట్లు తీసుకునేవారికి హెచ్చరిక

ఇంట్లో బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న మనిషి ఉంటే, ఇది చదివాక కామెడీ సినిమాకు టికెట్లు తీసుకోండి.

సిరిమానోత్సవానికి మా అక్కా బావా వచ్చారు. మర్నాడు మధ్యాహ్నం ఆటకు నెల్లిమర్ల నుంచి అందరం విజయనగరం వెళ్ళాం. అయిదు టికెట్లు, 750 రూపాయలు. యాప్ వాళ్ళు పైన తీసుకున్నది వేరు. మా తమ్ముడికి పందొమ్మిదేళ్ళు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో చదువుకున్నాడు. సినిమా అంటే ప్రాణం. హాల్లో అందరూ నవ్వాక, ఒక్క క్షణం ఆగి, వాడూ నవ్వుతాడు.

పావుగంటకల్లా పెళ్ళికూతురి అన్న వచ్చాడు. నాలుక కాస్త బయటపెట్టి, మెడ వంచి, నత్తిగా మాట్లాడే పాత్ర. అతను నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు నెత్తిన మొట్టడం, ‘మెంటల్’, ‘మందబుద్ధి’ అనడం, వెనక డప్పు మోత. జోకు అంతే. విశ్రాంతి లోపు పదకొండు మొట్టికాయలు లెక్కపెట్టాను. మాటలు రాసినవారికి ఇంకోటి ఆలోచించే తీరిక లేనట్టుంది.

విశ్రాంతిలో సమోసాల దగ్గర నిలబడ్డాం. పదేళ్ళ కుర్రాళ్ళిద్దరు తమ్ముణ్ణి చూశారు. ఒకడు నాలుక బయటపెట్టి మెడ వంచాడు, రెండోవాడు వాడి నెత్తిన మొట్టాడు. మా తమ్ముడు అది ఆట అనుకున్నాడు. తనూ మెడ వంచి, మొట్టించుకోవడానికి తల ముందుకు పెట్టాడు.

అక్క వాడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. సమోసాలు కౌంటరు మీదే ఉండిపోయాయి. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు ఎక్కేదాకా వాడు “సినిమా ఇంకా అవ్వలేదు కదా” అంటూనే ఉన్నాడు.

బయటికి వస్తూ మేనేజరును అడిగితే, “సెన్సారైన బొమ్మండీ, మా చేతిలో ఏముంది” అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. డబ్బు తిరిగి రాదన్నది యాప్ నిబంధనల్లోనే ఉంది. కానీ ఆ సెన్సారు మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి వెతికి చదివాను. శారీరక, మానసిక వికలాంగులను హింసించే, వెక్కిరించే దృశ్యాలు అనవసరంగా చూపకూడదని 1991 నాటి సెన్సారు మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. ‘అనవసరంగా’ అన్న ఆ ఒక్క మాట సందులోంచే ఇలాంటి పెళ్ళికూతురి అన్నలందరూ తెరమీదికి దూరి వస్తున్నారు. వైకల్యాన్ని అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవారిని కించపరిచే హాస్యం వేరు అని 2024 జూలై 8న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ళ వరకు జైలు అంటుంది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 92వ సెక్షనులో. సమోసాల దగ్గరి పిల్లల మీద నాకు కోపం లేదు. అరగంట ముందు చూసిందే వాళ్ళు చేశారు.

సర్టిఫికెట్టును నమ్ముకోకండి. యూఏ పక్కన ఉండే 7, 13, 16 అంకెలు వయసు చెబుతాయి, ఇలాంటి వెక్కిరింతల సంగతి చెప్పవు. ట్రైలరు నిదానంగా చూడండి. నేను మళ్ళీ చూశాను. నాలుక బయటపెట్టే ముక్క అందులోనే ఉంది, రెండు సెకన్లు. అది చూసి నవ్వి మరీ నేను టికెట్లు తీసుకున్నాను.

సినిమా పేరు రాయను. రాస్తే ఆ ఒక్కటి మాని ఇంకోదానికి వెళ్తారు. ముందు చూసినవారిని ‘బాగుందా’ అని కాకుండా, ‘అందులో అమాయకుడి పాత్ర ఉందా, అతన్ని ఎవరైనా కొడతారా’ అని అడగండి. మేము చూడని రెండో సగం గురించి మా ఎదురింటివారిని అలాగే అడిగాను. అందులో అతనికి పెళ్ళి చేస్తారట. హాలంతా దానికే ఎక్కువ నవ్విందట.