బేగంపేటలో ఒకరోజు టీమ్ వర్క్‌షాప్: పొద్దున బాగుంది, మధ్యాహ్నం తేలిపోయింది

జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. మాకూ ప్రొడక్షన్‌కీ పడదని ఈ లైన్‌లో ఎవర్ని అడిగినా చెబుతారు. ఈమధ్య మాటలు ముదిరి, షిఫ్ట్ హ్యాండోవర్‌లో 'అంతా ఓకే' అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయే దాకా వచ్చింది. దాంతో మా మేనేజర్ రెండు డిపార్ట్‌మెంట్లనీ కలిపి బేగంపేటలో ఒక సంస్థ నడిపే వర్క్‌షాప్‌కి పంపించారు. సంస్థ పేరు రాయను, ఇలాంటివి బుక్ చేసేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

పొద్దున సెషన్‌కి పూర్తి మార్కులు. ట్రైనర్ గారు స్లైడ్లు పక్కనపెట్టి మా గొడవే ఒకటి చెప్పమన్నారు. మందు పొడిని ఆరబెట్టే డ్రైయర్ సంగతి చెప్పాం. తేమ 0.5 శాతం దాటకూడదు, 0.6 వచ్చింది. ఇంకా ఆరబెట్టాలన్నాను. "మీవాళ్లు శాంపిల్ ట్రే మూలనుంచి తీశారు మేడం, అక్కడెప్పుడూ తడే ఉంటుంది" అని ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి. అవతల డిస్పాచ్ లారీ గేటు దగ్గరుంది. ట్రైనర్ గారు బోర్డు మీద రెండు గళ్లు గీసి, ఆరోజు అన్న ప్రతి మాటనీ 'పని', 'మనిషి' అని విడదీయించారు. "లోడు పోకపోతే మీకేం పోయింది", "మీకు టార్గెట్ తప్ప ఏదీ కనపడదు" లాంటివన్నీ రెండో గడిలోకి పోయాయి. మొదటి గడిలో మిగిలింది ఒక్కటే: శాంపిల్ ఎక్కడెక్కడ్నుంచి తీయాలి? పని ఎలా చేయాలో రాసుకున్న మా ఎస్‌వోపీలో అది స్పష్టంగా లేదు. ఆ వాదనే జరక్కపోతే ఆ లొసుగు ఎవరికీ కనపడేది కాదు. ఇప్పుడు పై ట్రే, మధ్య ట్రే, కింది ట్రే అని రాసిపెట్టాం.

పని మీద వాదన ఎప్పుడూ మంచిదేనని కూడా ఆయన ఊదరగొట్టలేదు. 2003లో డి డ్రూ, వైన్‌గార్ట్ అనే పరిశోధకులు చాలా అధ్యయనాల్ని కలిపి చూస్తే అలాంటి వాదన కూడా పనిని దెబ్బతీస్తోందనే తేలిందని, 2012లో మరికొందరు చూసినప్పుడు వ్యక్తిగత గొడవలతో కలవని చోట అంత నష్టం లేదని తేలిందని నిజాయితీగా చెప్పారు.

మధ్యాహ్నం మాత్రం టైమ్ దండగ. థామస్, కిల్మన్ 1974లో తెచ్చిన ప్రశ్నపత్రం ఇచ్చారు. 30 జతల వాక్యాలు, అన్నీ ఇంగ్లిష్‌లోనే. గొడవని ఎదుర్కొనే పద్ధతులు ఐదు, దేని సందర్భం దానిదని ఆ పరీక్షే చెబుతుంది. ఇక్కడేమో ప్రతి రోల్‌ప్లేలోనూ మధ్యేమార్గమే వెతకమన్నారు. 0.55 దగ్గర రాజీ పడితే ఆ మందు వేసుకునేవాళ్ల సంగతేంటి? క్వాలిటీ కంట్రోల్ ప్రొడక్షన్ చేతికింద ఉండకూడదని మందుల తయారీ నియమాలైన షెడ్యూల్ ఎం చెప్పేది ఇందుకే.

దానికితోడు మా పెద్ద సార్ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఇంక ఎవరు నోరు తెరుస్తారు? ఒకమ్మాయి ధైర్యం చేసి, తన సీనియర్ అసభ్యంగా మాట్లాడతాడని చెప్తే ట్రైనర్ గారు 'కమ్యూనికేషన్ గ్యాప్' అనేశారు. అది వేధింపు. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ ఉండాలని, పనిచేసేచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం చెబుతోంది. అక్కడికి వెళ్లమ్మా అని చెప్పాల్సింది. నాకు చాలా బాధేసింది.

మళ్లీ పెడితే పొద్దున సెషన్ ఒక్కటే, మా ఫ్యాక్టరీలోనే, తెలుగులో, పెద్దవాళ్లు లేకుండా పెట్టించమని మేనేజర్‌కి రాసిచ్చాను. ఆపరేటర్లని తప్పకుండా పిలవాలి. డ్రైయర్ తలుపు తీసేది వాళ్లే, ఈసారి వాళ్లలో ఒక్కరికీ పిలుపు రాలేదు.