పక్కటెముక గడ్డ ఆపరేషన్: నాలుగేళ్ల తర్వాత నా మాట

మాది అంబాజీపేట పక్కన, కొబ్బరి వ్యాపారం. ఎడమ రొమ్ము కింద కదలని గట్టి బుడిపె చేతికి తగిలితే, కాయలు వలిచేటప్పుడు దెబ్బ తగిలిందిలే అని ఆర్నెల్లు ఊరుకున్నా. నొప్పి లేదు మరి. సీటీ స్కాన్ చూసి కాండ్రోమా కావచ్చన్నారు. పక్కటెముకా మృదులాస్థీ (మెత్తటి ఎముక) కలిసే చోట వచ్చే గడ్డ. క్యాన్సర్ కాదు. కానీ దీనికీ కాండ్రోసార్కోమా అనే క్యాన్సర్‌కీ సూది పరీక్షలో తేడా పట్టుకోవడం కష్టమట. అందుకే చుట్టూ ఉన్న మంచి ఎముకతో సహా తీసేశారు. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

రెండు ఎముకల ముక్కలు పోయాయి. ఖాళీ 5 సెంటీమీటర్ల లోపైతే మామూలుగా అలాగే వదిలేస్తారు. నాది పెద్దది కాబట్టి పాలీప్రొపిలీన్ మెష్ (ప్లాస్టిక్ వల) బిగించి కుట్టారు, హెర్నియాకి వేసే రకమే. గట్టిగా ఊపిరి పీల్చినా అక్కడ గుంట పడదు. దానికి వంక పెట్టలేను.

ఇక మూడు బంతుల స్పైరోమీటర్, అంటే ఊపిరి కసరత్తుకి ఇచ్చే ప్లాస్టిక్ పరికరం. బంతుల దగ్గర 600, 900, 1200 అని రాసి ఉంటుంది, సెకనుకి ఎన్ని సీసీల గాలి పీలిస్తే ఆ బంతి లేస్తుందో ఆ లెక్క. ఊదడం కాదు, పీల్చాలి. మొదటి రోజు ఒక్క బంతి కూడా లేవలేదు, సగానికి వచ్చి టక్కున పడిపోయేది. నొప్పికి భయపడి పీల్చడం మానేస్తే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని జ్వరం పట్టుకుంటుందని నర్సమ్మ గంట గంటకీ వచ్చి నిలబడేది. రెండో బంతికి నాలుగు రోజులు పట్టింది. అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

దగ్గొస్తే దిండు గుండెకి అదుముకోవాలి. ఇంటికొచ్చాక అసలు శత్రువు పోపు. ఎండుమిర్చి ఘాటుకి తుమ్ము వచ్చేలోపే దిండు వెతుక్కోవాలి! నెల రోజులు మా ఆవిడ 'పోపేస్తున్నా' అని కేకేసి మరీ వేసేది.

ఛాతీ బెల్టు మాత్రం దండగ. మన ఉక్కపోతకి రెండో రోజుకే చెమటకాయలు.

నా ఫిర్యాదు ఒక్కటే. మచ్చ కింద అరచేయంత మేర ఇప్పటికీ తిమ్మిరే. సబ్బు రుద్దుకుంటుంటే వేరే ఎవరి ఒంటినో రుద్దుతున్నట్టుంటుంది. ఎముక కింది అంచున నరం ఉంటుందని, దానికి దెబ్బ తగిలితే ఇలా ఉంటుందని ముందు ఒక్కరూ చెప్పలేదు. సంతకాలు మాత్రం ఐదు పేజీల మీద పెట్టించుకున్నారు.

ఇప్పుడు బస్తాలు మోస్తున్నా, బండి నడుపుతున్నా. గునపం మీద కాయ వలవబోతే మాత్రం ఆ చోట పట్టేసినట్టుంటుంది, అందుకే వలుపు కూలీలకి వదిలేశా.