డూప్లికాటి: ఆఫీసు కంప్యూటర్‌లో సర్వీస్‌గానే పెట్టండి

తణుకు రైసుమిల్లులోనైనా, భీమవరం రొయ్యల మేత డీలరు దగ్గరైనా లెక్కల కంప్యూటర్ ఒకటే, దాని ముందు కూర్చునేవాళ్లు మాత్రం ఇద్దరు ముగ్గురు. ఫైళ్లకు బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్ డూప్లికాటిని మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే గడియారం పక్కన ట్రేలో చేరుతుంది. ఎవరి లాగిన్‌లో బ్యాకప్‌లు అమర్చామో వాళ్లు లాగిన్ అయితే తప్ప అవి నడవవు. రాత్రి కరెంటు పోయి వచ్చాక మెషీన్ లాగిన్ తెర దగ్గరే ఆగిపోతే ఆ పూట బ్యాకప్ లేనట్టే. సర్వీస్‌గా, అంటే విండోస్ తనంతట తానే వెనకాల నడిపే ప్రోగ్రామ్‌గా పెడితే, ఎవరూ లాగిన్ అవ్వకపోయినా నడుస్తుంది. పైగా సాఫ్ట్‌వేర్ ఉచితం.

పెట్టడం కష్టం కాదు. ముందు ట్రేలో ఉన్నదాన్ని పూర్తిగా మూసేయాలి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోని విండోస్‌సర్వీస్ ఫైలుని 'ఇన్‌స్టాల్' అనే మాట చేర్చి నడపాలి. అదే వరుసలో రెండు ఆప్షన్లు ఇవ్వండి: సర్వర్-డేటాఫోల్డర్, వెబ్‌సర్వీస్-పాస్‌వర్డ్. రెండోది డూప్లికాటి వెబ్ పేజీ తెరిచే పాస్‌వర్డ్. మొదటిది సెట్టింగులు దాచే చోటు, దానికి సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా కింద ఒక ఫోల్డర్ చూపించండి. పాత వెర్షన్లలో ఇది ఇవ్వకపోతే సెట్టింగులు విండోస్ ఫోల్డర్ లోపల సిస్టమ్ ప్రొఫైల్‌లోకి పోయేవి. పెద్ద విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడు అక్కడివి తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది.

ఇక్కడి నుంచి వచ్చే చిక్కులన్నిటికీ మూలం ఒక్కటే: సర్వీస్ మీ పేరుతో కాదు, లోకల్ సిస్టమ్ అనే విండోస్ సొంత ఖాతాతో నడుస్తుంది. అందుకే దాని వెబ్ పేజీ తెరవగానే జాబుల (అమర్చుకున్న బ్యాకప్‌ల) జాబితా ఖాళీగా కనిపిస్తుంది. పాతవి ఎటూ పోలేదు, మీ యూజర్ ప్రొఫైల్‌లోనే ఉన్నాయి. ట్రేలో ఉన్నదాన్ని మూసే ముందే ప్రతి జాబునీ ఎక్స్‌పోర్ట్ చేసుకుని, సర్వీస్‌లో ఇంపోర్ట్ చేసి, దాని డేటాబేస్‌ని (బ్యాకప్‌లో ఏముందో రాసుకునే చిట్టాని) రిపేర్ చేయండి. పాత బ్యాకప్ పెద్దదైతే దీనికి చాలాసేపు పడుతుంది.

జెడ్ డ్రైవ్ అని మ్యాప్ చేసుకున్న నెట్‌వర్క్ ఫోల్డర్ కూడా సర్వీస్‌కి కనపడదు. రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి దారి, దాంతోపాటు ఆ షేర్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. యూఎస్‌బీ డిస్క్ అయితే అక్షరం మారుతుంటుంది కాబట్టి ఆల్టర్నేట్-టార్గెట్-పాత్స్ ఆప్షన్ వాడండి.

సర్వీస్ నడుస్తుండగా ట్రే ఐకాన్‌ని కూడా మామూలుగా వదిలేస్తే రెండో సర్వర్ లేస్తుంది. 8200 పోర్టులో ఒకటి, 8300లో ఇంకొకటి! ఒకదాంట్లో జాబు మార్చి, రెండోదాంట్లో వెతుక్కోవడమే మిగులుతుంది. ట్రే షార్ట్‌కట్‌కి నో-హోస్టెడ్-సర్వర్ చేర్చండి, లేదా స్టార్టప్‌లోంచి తీసేయండి.

అసలు లాభం స్నాప్‌షాట్లలో, అంటే డిస్క్ ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే పట్టుకోవడంలో ఉంది. ట్యాలీ తెరిచి ఉన్నా, ఔట్‌లుక్ ఫైలు వాడకంలో ఉన్నా కాపీ కావాలంటే విండోస్ షాడో కాపీ కావాలి, దానికి అడ్మిన్ హక్కులు కావాలి. సర్వీస్‌కి అవి ఉంటాయి. స్నాప్‌షాట్-పాలసీని 'రిక్వైర్డ్' చేస్తే, షాడో కాపీ కుదరనప్పుడు బ్యాకప్ ఆగి ఎర్రర్ చూపిస్తుంది. అరకొర కాపీ కన్నా అదే నయం. అయినా ట్యాలీ మూసేశాక రాత్రి తొమ్మిదికి పెట్టుకోవడమే మంచిది.

అవే హక్కులు ప్రమాదం కూడా. బ్యాకప్‌కి ముందు నడిచే స్క్రిప్టు సిస్టమ్ ఖాతాతోనే నడుస్తుంది. వెబ్ పేజీలోకి చొరబడ్డవాడి చేతిలో మెషీన్ మొత్తం పెట్టినట్టే. పాస్‌వర్డ్‌ని ఆఫీసు గోడ మీద అంటించకండి మరి.

పొద్దున్నే మెషీన్ ఆన్ చేయగానే తప్పిపోయిన బ్యాకప్ వెంటనే మొదలవుతుంది, రూటర్ ఇంకా లేచి ఉండదు, ఎర్రర్ పడుతుంది. సెట్టింగుల్లో స్టార్టప్ డిలే ఐదు నిమిషాలు పెడితే సరి.

దీనిలో నచ్చనిది మౌనం. ట్రే ఐకాన్ తీసేస్తే లాగిన్ అయి ఉన్నవాళ్లకి ఏ కబురూ అందదు. వారాల తరబడి ఫెయిలవుతున్నా ఎవరికీ తెలియదు. సెండ్-మెయిల్ ఆప్షన్లు నింపి, వార్నింగ్, ఎరర్‌లకు మెయిల్ వచ్చేలా చూసుకోండి. జీమెయిల్ అయితే యాప్ పాస్‌వర్డ్ కావాలి.

లినక్స్‌లో ప్యాకేజీతోపాటే సిస్టమ్‌డీ సర్వీస్ వస్తుంది, ఎనేబుల్ చేసి స్టార్ట్ చేస్తే చాలు. మ్యాక్‌లో ఫుల్ డిస్క్ యాక్సెస్ ఇవ్వకపోతే చాలా ఫోల్డర్లు చదవలేదు. ఇంట్లో ఒక్కరే వాడే ల్యాప్‌టాప్‌కి ఇదంతా అక్కర్లేదు, ట్రే చాలు. వరదొస్తే నీళ్లు చేరే లంక ఊళ్లలో మాత్రం ఒక కాపీ క్లౌడ్‌కి పంపండి. ఎన్‌క్రిప్షన్ పాస్‌ఫ్రేజ్‌ని కాగితం మీద రాసి రాజమండ్రిలోనో, హైదరాబాద్‌లోనో ఉన్న బంధువుల దగ్గర దాచండి. అది పోతే కాపీ ఉన్నా తెరవలేరు.